రెండు నాలుకల బడి

నార్కెట్‌పల్లి నుండి అద్దంకికి పోవు పెద్దబాట మా దాచేపల్లి మీదుగా సాగును. ఆ బాట ప్రక్కను నిలిపిన ప్రకటన ఫలకములమీద సిమెంటు బస్తాలు, పత్తివిత్తనములు, పురుగుమందుల డబ్బాలు కానవచ్చును. నిరుడు వేసవిలో వాని నడుమ, మెడకు టై బిగించుకొని నవ్వుచున్న యొక పసివాని బొమ్మ వెలసినది. దాని క్రింద "ద్విభాషా పాఠశాల" యని పెద్ద యక్షరములతో వ్రాసియున్నది. ఆ రెండు భాషలలో తెలుగున్నదా యని కనుగొనుటకై మేము ఆ పాఠశాలకు పోతిమి. ఉన్నదనియే చెప్పిరి. దినమున కొక గంట తెలుగు. తక్కిన గంటలలో తెలుగుమాట నోట వెడలినచో మాటకు రూపాయి జరిమానా. ఈ జరిమానా లెక్క వ్రాయుటకు తరగతికొక బాలుని నియమించిరి. పదేండ్లు నిండని బిడ్డ తోడి బిడ్డల నోళ్లకు కావలి కాయుచున్నాడు!

మేము ఇంగ్లీషునకు పగవారము కాము. సంస్కృతము నెంత ప్రీతితో చదివితిమో ఇంగ్లీషు నంత ప్రీతితోనే చదివితిమి. ఇరువదియేండ్లుగా దానిని పిల్లలకు చెప్పుచున్నాము. మా పొట్ట నింపుచున్నదియు కొంతవరకు ఆ భాషయే. కావున ఈ వ్యాసమును మాతృభాషకై పెట్టు శోకముగా నెంచి చదువరులు పుట త్రిప్పివేయకుందురుగాక. రెండు భాషల బడి కావలెననియే మా వాదము. మా తగవు, ఆ పేరు పెట్టుకొని రెండు నాలుకలతో మాటాడు బడితో.

నిజమైన రెండు భాషల బడి యెట్లుండునో మాకు తెలియవచ్చినది కెనడానుండి వచ్చిన యొక యుత్తరమువలన. మాయొద్ద చదివిన బాలుడొకడు ఇప్పుడు ఒట్టావా నగరమున కొలువు చేయుచున్నాడు. వాని కూతురు చదువు ప్రాథమిక పాఠశాలలో ఒకపూట ఇంగ్లీషు, ఒకపూట ఫ్రెంచి. ఇంటిలో తెలుగు. మొన్నటి చలికాలమున ఆ బడివారు పిల్లల అవ్వలను తాతలను పిలిచి, ఎవరి యింటిభాషలో వారు కథ చెప్పవలసినదని కోరిరట. మనుమరాలిని చూడబోయిన కారెంపూడి ముసలమ్మ పల్నాటి కోడిపందెము కథ తెలుగున చెప్పినదట. మనుమరాలు దానిని ఇంగ్లీషులోనికి మార్చి చెప్పగా, ప్రక్కనున్న హైతీ పిల్లవాడు ఫ్రెంచిలోనికి మార్చెనట. బ్రహ్మనాయుని కోడి యోడినచోట తరగతి యంతయు అన్యాయమని కేకలు వేసినదట.

ఆ యుత్తరము చదివినప్పుడు మాకు మొదట కలిగినది సిగ్గు. సంతోషము తరువాత కలిగినది. ఆ ముసలమ్మను మే మెరుగుదుము. ఆమె చిన్నకొడుకు బిడ్డ మా సీమలోనే యొక ఇంగ్లీషుబడిలో చదివెను. నాలుగేండ్లు ఆమె వానికి మధ్యాహ్నపు కారియరు మోసినది. నాలుగేండ్లును గేటు బయటనే నిలిచినది. లోనికి వచ్చినచో పిల్లలు ఆమెతో తెలుగున మాటాడుదురని, అది నియమమునకు విరుద్ధమని చెప్పిరట. సముద్రములు దాటిపోయినపిమ్మట గాని ఆమెకు ఒక బడిలో కుర్చీ దొరకలేదు. ఒక బడి ఎన్ని భాషల బడియో తెలిసికొనవలెనన్న మేము ఇక పాఠ్యపుస్తకములను విప్పి చూడము. ఆ కుర్చీ యున్నదా యని చూతుము.

అట్లని కెనడావారు పుట్టుకతోనే ధర్మాత్ములని మే మనము. ఆ ఒట్టావా నగరమున్న ఆంటారియో రాష్ట్రముననే 1912లో "పదునేడవ నిబంధన" యనునది పుట్టినది. మొదటి రెండు తరగతులు దాటినపిమ్మట ఫ్రెంచి బోధనభాషగా నుండరాదని దాని సారాంశము. ఫ్రెంచివారు దానిని పాటింపమనిరి. గీగ్ పాఠశాలలో దెలోజ్ సోదరీమణులను ఇరువురు ఉపాధ్యాయినులు నిబంధనను ధిక్కరించి ఫ్రెంచిలోనే పాఠములు చెప్పుచుండిరి. 1916 జనవరిలో ఆ బడిని స్వాధీనము చేసికొనవచ్చిన అధికారులకును పోలీసులకును ఎదురునిలిచినవారు ఆ పిల్లల తల్లులు. టోపీలకు గ్రుచ్చుకొను పొడవాటి సూదులును, వంటింటి సామానులును వారి యాయుధములు. 1927లో ప్రభుత్వము ఆ నిబంధనను అమలు జరుపుట మానుకొన్నది; 1944లో అది గడువు తీరి చచ్చినది. మా శిష్యుని కూతురు నేడు పూట ఇంగ్లీషు పూట ఫ్రెంచి చదువుచున్నదన్న, దాని వెనుక ఆ తల్లుల టోపీసూదులు గలవు.

ఫ్రెంచివారు మాత్రము తక్కువ తిన్నారా? తమ దేశమున బ్రెటను పిల్లవాడు ఇంటిభాష మాటాడినచో వాని మెడలో కొయ్యచెప్పు వ్రేలగట్టెడివారు. దానిని వదలించుకొనవలెనన్న అదే తప్పు చేసిన మరియొక పిల్లవానిని పట్టి యీయవలెను. వేల్సు దేశమున పందొమ్మిదవ శతాబ్దమున అదే పనిని కొయ్యపలకతో చేసిరి. 2009లో కడపజిల్లా మైదుకూరిలో నొక బడిలో, తెలుగు మాటాడనని వ్రాసిన పలకలు తెలుగుపిల్లల మెడలలో వ్రేలాడినవి. ఇప్పుడు మాయూరి ప్రక్కను రూపాయి. భేద మొక్కటే. బ్రెటను పిల్లవాని మెడలో చెప్పు కట్టించినది రాజ్యము. మన పిల్లల మెడలో మన మిత్రులే, మన బంధువులే, ఫీజు పుచ్చుకొని రశీదు వ్రాసియిచ్చి మరీ కట్టుచున్నారు.

ఫ్రెంచి మనకు దూరపు ముచ్చట యనుకొనరాదు. గోదావరి యొడ్డున యానాము 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. (మన తాతలలో కొందరు ఆ యూరిని మరియొక పనికి వాడుకొనిరి. 1929లో శారదా చట్టము వచ్చినపిమ్మట, అది యంటని గడ్డ యని, పసిపిల్లల మెడలలో పుస్తెలు కట్టించుటకు అక్కడికి పరుగెత్తిరి. పిల్లల మెడలపై మనవారికి గల శ్రద్ధ పాతదే.) భారత ఫ్రెంచి ప్రభుత్వములు 1956లో వ్రాసికొన్న యొడంబడికలో, ప్రజాప్రతినిధులు వేరుగా నిశ్చయించువరకు ఫ్రెంచియే ఆ సీమల అధికారభాషగా నుండునని యొక నిబంధన గలదు. కాగితముపై నంత రక్షణ గలిగియు ఫ్రెంచి యానాము వీధులలో నిలువలేదు. తెలుగు నిలిచినది, అది వంటయిండ్లలో నుండెను గనుక. ఈ యుదాహరణము చూపి, తెలుగున కెన్నటికిని చేటు లేదని గుండెపై చేయివైచుకొని నిదురించువారు మాకు తెలియును. యానాము వంటయింటిలోనికి ఫ్రెంచి ప్రవేశింపలేదని వారు మరచుచున్నారు. ఇంగ్లీషు మన వంటయింటిలోనికి, బిడ్డ మనసులోని జంకు రూపమున, ఇప్పటికే ప్రవేశించినది. మొన్న మిరపకోతల దినములలో ఒక కూలితల్లి మాతో నిట్లనెను: "బడికాడ నలుగుర్లో పలకరిస్తే నా బిడ్డ మొగం తిప్పుకుంటంది సారూ. ఇంటికాడ గూడా నాతో మాటలు తగ్గించింది." ఆమె పోగుచేసి కట్టు ఫీజునకు ప్రతిగా లభించిన వస్తువులలో నిదియు నొకటి.

ఇంగ్లీషు మాధ్యమపక్షమువారు సయితము కెనడా పేరెత్తుదురు. మాంట్రియలు నగరపు దాపున సెయింట్ లాంబర్టు అను చోట 1965లో ఇంగ్లీషు పిల్లలను మొదటినుండియు ఫ్రెంచిలో ముంచి చదివింపలేదా? ఆ పిల్లలు రెండు భాషలలోను దిట్టలు కాలేదా? మరి మన పిల్లలను ఇంగ్లీషులో ముంచిన తప్పేమి? యనుచున్నారు. ఈ వాదము వినుట కింపుగా నుండును గనుక కొంత నిదానించి చూడవలెను.

సెయింట్ లాంబర్టు బడి పుట్టినది ప్రభుత్వపు టుత్తరువువలన గాదు. ముగ్గురు తల్లులు ముందునిలిచి, ఇరుగుపొరుగువారిని కూడగట్టి, వలదన్న పాఠశాలా సంఘముతో రెండేండ్లు పోరాడి తెచ్చుకొన్న తరగతి యది. మొదట చదువంతయు ఫ్రెంచి. రెండవ తరగతిలో ఇంగ్లీషు చేరును. ఆరవ తరగతికి వచ్చుసరికి రెండును సరిసమానము. చేరిన క్రొత్తలో పిల్లలు ఇంగ్లీషున మాటాడినను తప్పులేదు, ఉపాధ్యాయిని కా భాష వచ్చును, జరిమానా లేదు. మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున మనస్తత్త్వశాస్త్రాచార్యుడైన వాలెస్ లాంబర్టు ఆ పిల్లలను ఏండ్ల తరబడి పరీక్షించి, వారి ఇంగ్లీషునకు లోటు రాలేదని చూపెను. ఏల రాలేదు? వారి ఇంగ్లీషు ఆ ఖండమున ధనికుల భాష. పత్రికలు, బ్యాంకులు, పెద్ద యుద్యోగములు, సినిమాలు అన్నియు నందే. బడి దానిని ఒకపూట ప్రక్కన బెట్టినను, గడప దాటగానే లోకమంతయు దానికి చేయూత నిచ్చుచుండెను. మొదటి భాషపై రెండవది చేరిన చదువునకును, మొదటిదానిని త్రవ్వి తీసి ఆ గోతిలో రెండవదానిని నాటిన చదువునకును గల యంతరమును వేరుచేసి పేర్లు పెట్టినవాడు ఆ లాంబర్టే. తమకు కావలసిన సగము మాత్రము తీసికొని, తక్కిన సగమును మన పండితులు పాఠకులకు చూపరు. మా తండ్రులు భూమికి చెరువుమట్టి తోలించెడివారు. పైమన్నునంతయు గీకి యమ్ముకొని చెరువుమట్టి తోలించినవానిని మే మింతవరకు చూడలేదు.

ఇక మన ప్రభుత్వము చేసినపని. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, ఒకటినుండి ఆరవ తరగతివరకు బడులన్నియు ఇంగ్లీషు మాధ్యమములోనికి మారవలెనని యుత్తరువు చేసినది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు దానిని కొట్టివేసినది. ఆ తీర్పును నిలిపివేయుటకు సుప్రీంకోర్టు ఒప్పుకొనలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టముననే, సాధ్యమైనంతవరకు బోధన బిడ్డ మాతృభాషలో నుండవలెనని గలదు. తల్లిదండ్రులలో నూటికి 96 మంది ఇంగ్లీషునే కోరిరని ప్రభుత్వము ప్రకటించెను. కోరక యేమి చేయుదురు? కలెక్టరు కొడుకు చదువుచున్న చదువు నీ కొడుకునకు కావలెనా యని యడిగిన, వలదను వెఱ్ఱితండ్రి యెవడు? నీ బిడ్డకు ఇంగ్లీషు రావలెనా యనునది యొక ప్రశ్న. నీ బిడ్డకు లెక్కలు ఏ మాటలతో చెప్పిన తలకెక్కును అనునది మరియొక ప్రశ్న. మొదటిదాని నడిగి, వచ్చిన యుత్తరమును రెండవదాని క్రింద వ్రాసికొనిరి.

ఈ రభసలో ఒక మంచి వస్తువు మాత్రము పుట్టినది. 2020 మొదలు బడులకు వచ్చిన పాఠ్యపుస్తకములలో ఒకపుట ఇంగ్లీషు, దాని కెదురుపుట తెలుగు. మే మా పుస్తకమును మొదటిసారి విప్పినప్పుడు నిజముగా ఆనందించితిమి. బిడ్డ కుడికన్నొక భాషకు, ఎడమకన్నొక భాషకు! ఆపై తరగతిలో జరుగుచున్నది చూచితిమి. పంతులు చదువునది ఇంగ్లీషుపుట. పిల్లలు మోచేతిని అడ్డుపెట్టుకొని దొంగచాటుగా చూచునది తెలుగుపుట. పరీక్ష ఇంగ్లీషున. మూడవ తరగతి పిల్లవాడొకడు, తండ్రితో కల్లములో తిరుగువాడు, టిక్కీకి నలుబది కిలోల చొప్పున ఏడు టిక్కీల మిరపకాయ లెంతయనిన, మేము నోరు మూయకముందే రెండువందల ఎనుబది యనెను. అదే లెక్క కాగితముపై ఇంగ్లీషున ఇచ్చి, అందు మూడు టిక్కీలు అమ్మగా "రిమెయినింగ్" ఎంతయని యడిగితిమి. వాడు ఆ మాటను మూడుసార్లు కూడబలుకుకొని తలవంచుకొనెను. జవాబుపత్రమున వానికి సున్న వచ్చును. ఆ సున్న లెక్కలలో వచ్చినట్లు జాబితాకెక్కును. ఏటేట ఇట్టి జాబితాలు చూచి మన పల్లెపిల్లలకు లెక్కలు రావని పెద్దలు వాపోవుచుందురు.

ఇంతవరకు చదివి తెలుగు భాషాభిమానులు సంతోషించుచున్నచో, ఒక్క నిమిషము. వారితోను మాకు లెక్క యున్నది. సభలలో తల్లిపాలతో తెలుగును పోల్చి కన్నీరు కార్చు పెద్దలలో ఎందరి మనుమలు తెలుగుబడిలో చదువుచున్నారు? దళితవాడ తల్లి తన బిడ్డకు ఇంగ్లీషు కావలెననిన, ఆమెకు భాషాభిమానము లేదని నిందింతురు. తరతరములు అక్షరమునకే దూరముగా నిలిపిన తెలుగుపై ఆమెకు అభిమానము రేపగల పని వీ రొక్కటి చేసినారా? ఇంగ్లీషు ఆమె బిడ్డ హక్కు. దాని నడుగుటలో ఆమె తప్పు రవంతయు లేదు. తప్పు, హక్కు నిత్తునని చెప్పి, దానికి మారుగా జంకు నిచ్చువానిది. మా సంగతియు దాచము. మా కుమారుని మేము ఇంగ్లీషు మాధ్యమముననే చదివించితిమి. వాడు చెడిపోలేదు, ఇంటినిండ తెలుగు పుస్తకములు, చెప్పుటకు తండ్రియు తల్లియు నుండిరి. సెయింట్ లాంబర్టు పిల్లలవలె వాడును బలము గల యింట పుట్టినవాడు. ఆ బలము లేని యింటి బిడ్డను చూపి "మా వాడు చదువలేదా?" యని యడుగుట న్యాయము కాదని మాకు తెలిసికొనుటకు చాల యేండ్లు పట్టినది.

అంతకంటె పెద్ద తప్పొకటి మా లెక్కలో నున్నది. మాతృభాష, మాతృభాష యని మేము వ్రాయుచున్నాము, ఎవరి మాతృభాష? మాయూరి ముస్లిము సోదరుల యిండ్లలో ఉర్దూ. పల్నాటి తండాలలో లంబాడీ. మేము ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒకటవ తరగతిలో రొట్టె బొమ్మ చూపి ఇదేమియని యడుగగా, తండా పిల్లవాడొకడు "బాటి" యనెను. తరగతి నవ్వినది. మేమును నవ్వితిమి. వాని భాషలో రొట్టెను బాటి యనియు, అమ్మను యాడి యనియు అందురని మేము తెలిసికొన్నది ఎన్నో యేండ్లకు. ఆ పిల్లవాడు అప్పటికే బడి మానెను. మేము జరిమానా వేయలేదు, నవ్వితిమి. రూపాయి జరిమానాకంటె ఆ నవ్వు చౌకయని చెప్పలేము.

మన పూర్వులలో ఇట్లు నవ్వనివాడొకడు గలడు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి, సవరల భాష నేర్చి, వారి పిల్లలకు వారి మాటలతోనే చదువు చెప్పించుటకు తన సొమ్ముతో బడులు పెట్టించెను. 1931లో సవరభాషకు వ్యాకరణమును, 1938లో నిఘంటువును ఇంగ్లీషున వెలువరించెను. వ్యావహారిక భాషావాదిగా ఆయనకు ఏటేట ఆగస్టు 29న దండలు వేయుదుము. సవరబడుల గిడుగును తలచువారు తక్కువ. 2004లో ఉమ్మడి రాష్ట్రమున సవర, కోయ, బంజారా మున్నగు ఎనిమిది భాషలలో గిరిజన బాలురకు చదువు మొదలిడినప్పుడు గిడుగువారి త్రోవ కొంత తెరచుకొన్నది. అది మా తరగతిగదివరకు రాలేదు.

కావున మేము కోరుచున్నది చెప్పెదము. అయిదవ తరగతివరకు లెక్కలు, ప్రకృతి విషయములు బిడ్డకు తెలిసిన భాషలో చెప్పుడు. ఇంగ్లీషును మొదటి తరగతినుండియే, ఇంగ్లీషు వచ్చిన పంతులుచేత, పాటగా ఆటగా భాషగా నేర్పుడు; నేడు పెక్కు బడులలో ఇంగ్లీషు మాధ్యమము గలదు, ఇంగ్లీషు లేదు. ఎదురెదురు పుటల పుస్తకములో రెండు పుటలను చదివింపుడు. ప్రశ్నపత్రమును అట్లే రెండు పుటల నచ్చొత్తింపుడు. ఏ భాషలో జవాబు వ్రాసినను మార్కు లీయుడు. నోటికి జరిమానా వేయు బడిపై తల్లిదండ్రులే జరిమానా వేయుడు: మరుసటి యేడు ఫీజు కట్టకుండుట చాలును. ఒకటవ తరగతిలో తండా పిల్ల లున్నచోట తండాకు చెందిన చదువుకొన్న యువతి నొకతెను ఉపాధ్యాయునకు తోడుగా నుంచుడు. ఖర్చగునందురు. టైలకు, బెల్టులకు అగుట లేదా?

వీనిలో కొన్నింటికి ప్రభుత్వపు టుత్తరువు కావలెను. కుర్చీకి మాత్ర మక్కరలేదు. విద్యాహక్కు చట్టము ప్రకారము బడి యాజమాన్య సంఘమున నాలుగింట మూడువంతులు పిల్లల తల్లిదండ్రులే యుండవలెను. సగము మంది స్త్రీలు కావలెను. మా బడిలోను అట్టి సంఘము గలదు. ఏండ్ల తరబడి ఆ స్త్రీలు వచ్చి, మేము వ్రాసిన తీర్మానముల క్రింద వ్రేలిముద్ర వేసి, టీ త్రాగి పోవుచుండిరి. గడచిన నెల సభలో మేము కలము ప్రక్కన పెట్టి, ఎవరి భాషలో వారు మాటాడవలసినదని కోరితిమి. చాలసేపు ఎవరును మాటాడలేదు. తుదకు తండా తల్లి యొకతె లేచి తన మాటలతో ఏదో గట్టిగా చెప్పినది. అయిదవ తరగతి చదువు ఆమె కూతురు దానిని తెలుగున చెప్పి, మేము సుద్దముక్క యీయగా నల్లబల్లపై తెలుగునను, తప్పులతో నైనను ఇంగ్లీషునను వ్రాసినది. వారిభాషకు వేరు లిపి లేదు గనుక దానిని గూడ తెలుగక్షరములతోనే పైన వ్రాసినది. ఆడపిల్లల మరుగుదొడ్డికి నీరు లేదు, అందుచేతనే పెద్దతరగతుల పిల్లలు నెలకు నాలుగు దినములు మానుచున్నారు అని ఆ తల్లి చెప్పినది. హాజరుపట్టీ మా చేతిలోనే యుండెను. ఆ సున్నలు మేమే పెట్టుచుంటిమి. కారణము మే మెన్నడును అడుగలేదు.

కొళాయి యింకను రాలేదు. పైవారికి రెండుసార్లు వ్రాసితిమి. బల్లపై ఆ మూడు పంక్తులను తుడువవలదని పిల్లలతో చెప్పి, మిగిలిన సగమునందే పాఠములు చెప్పుచున్నాము.